వార్తల్లో పదం: ప్రైవేటు మెంబర్ బిల్లు

కెనడా రాష్ట్రాల వార్తల్లో తరచూ కనిపించే మాట ఇది. మంత్రి పదవిలో లేని శాసనసభ్యులు సొంతంగా ప్రవేశపెట్టే బిల్లే ప్రైవేటు మెంబర్ బిల్లు. అధికార పక్షంవారైనా మంత్రి కాకుంటే ప్రైవేటు సభ్యులే.

ఆంటారియో సంగతే చూద్దాం. ఎవరి బిల్లు ముందు చర్చకు రావాలో అక్కడ లాటరీ తీసి తేలుస్తారు. మూడు పఠనాలు దాటి లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదం పొందితే, ప్రభుత్వ బిల్లులాగే అదీ చట్టమవుతుంది. ఖజానా సొమ్ము ఖర్చయ్యే ప్రతిపాదన మాత్రం మంత్రే తేవాలి. అసలు చిక్కు సమయంతోనే. రెండో పఠనం గట్టెక్కినవి కూడా కమిటీలో నిలిచిపోవడం మామూలే. ఎన్నికల కోసం సభ రద్దయితే అవన్నీ మురిగిపోతాయి. అయినా సామాన్య సభ్యుల గొంతు సభ రికార్డులకెక్కే దారి కనుక దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

తీర్మానం వేరు. అది సభ అభిప్రాయమే, దానికి చట్టబలం ఉండదు. 1984 సిక్కు వ్యతిరేక హింసను జాతిహత్యగా పేర్కొంటూ హరీందర్ మల్హీ ప్రవేశపెట్టగా 2017లో ఆంటారియో సభ ఆమోదించినది తీర్మానమే. అక్కడ నవంబరును హిందూ వారసత్వ మాసంగా ప్రకటించింది మాత్రం జో డిక్సన్ తెచ్చిన బిల్లు. 2016లో అది చట్టమైంది.

కెనడాలోని మనవాళ్లు ఇలాంటి వార్త పంపితే ముందు బిల్లా, తీర్మానమా అని చూడండి. బిల్లయితే ఏ పఠనంలో ఉందో అడగండి.