నెలలు నిండని బిడ్డకు గాలీ నీళ్లూ కొలత ప్రకారమే



పీలేరు, పలమనేరు, పుత్తూరు వైపుల నుండి వచ్చిన అవ్వలు పసిపిల్లల వార్డు బయట మమ్మల్ని అడిగే మాట ఒకటుంది. "సిస్టరమ్మా, బిడ్డ నోరు ఎండిపోతా ఉంది. రవ్వంత చక్కెర నీళ్లన్నా పోయకూడదా?" అది ప్రేమతో అడిగే మాటే. ఎందుకు వద్దంటామో చెప్పడం మా బాధ్యత.

37 వారాలకు ముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటాము. మరీ ముందుగా పుడితే, ఊపిరితిత్తుల్లోని గాలి సంచులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలినంత ఉండదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ గారి కుమారుడు పాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు రోజులకే చనిపోయాడు. 1971లో డాక్టర్ గ్రెగరీ బృందం సీప్యాప్ పద్ధతిని లోకానికి తెలియజేసింది. ఇప్పుడు ముక్కులో పెట్టే చిన్న గొట్టాల ద్వారా ఒత్తిడితో గాలి పంపుతాము. గొట్టం రెండో కొస సీసాలో సుమారు 5 సెంటీమీటర్ల లోతు నీటిలో ఉంటుంది. అందులో బుడగలు చూసి భయపడకండి. ఒత్తిడి నిలిచి ఉందనడానికి అవి గుర్తు. ఆక్సిజన్ కూడా కొలిచే ఇస్తాము. ఎక్కువైతే కంటిచూపు దెబ్బతినవచ్చు.

నీళ్లూ అంతే. 1200 గ్రాముల బిడ్డకు మొదటి రోజు కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున ఇస్తే 24 గంటలకు 96 మిల్లీలీటర్లే, ఒక చిన్న టీ గ్లాసుడు. ఎక్కువైతే గుండె దగ్గర మూసుకోవలసిన రక్తనాళం తెరుచుకునే ఉండి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం పెరుగుతుంది. తక్కువైతే ఒళ్లు ఎండిపోతుంది. అందుకే బిడ్డనూ, తడిసిన గుడ్డనూ తూకం వేస్తాము. మొదటి వారం బరువు కొంత తగ్గడం సహజమే. మాకు తెలియకుండా పోసిన చెంచాడు నీళ్లు పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. తల్లిపాలు పిండి ఇవ్వండి, గొట్టం ద్వారా పడతాము. డాక్టరు చెప్పినప్పుడు బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి పెట్టుకోవాలి. ఏడో నెలలోనే నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, "తెల్లారనీ" అని ఆగకుండా 108కి ఫోన్ చేయండి. కాన్పుకు ముందు తల్లికిచ్చే ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులకు బలమిస్తాయి. అవి పనిచేయడానికి సమయం కావాలి.

వార్డులోని పసిబిడ్డలనూ వారి తల్లులనూ మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.