కిటికీ తెర ఎక్కడ కట్టాలి?



వేసవి సాయంత్రాలలో పడమటి గదిలో కూర్చుని చదవడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. ఆ నగరంలోని లింగియాడీహ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మే నెలలో ఇక్కడి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకడం కొత్తకాదు.

మొదట, ఏ కిటికీకి తెర అవసరం? బిలాస్‌పూర్ సుమారు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, కర్కటరేఖకు కొంచెం దక్షిణంగా ఉంది. అందువల్ల జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. అప్పుడు దక్షిణపు కిటికీకి చిన్న చూరు చాలు. ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా చూరు కిందనుంచి దూరుతుంది. కాబట్టి తూర్పు, పడమర కిటికీలకే తెర ముఖ్యం.

ఇక తెర లోపలా, బయటా? గాజు సూర్యకాంతిని లోపలికి రానిస్తుంది. నేల, బల్ల, మంచం దానిని గ్రహించి వేడెక్కి, పరారుణ కిరణాలను వెలువరిస్తాయి. వీటిని గాజు నేరుగా బయటికి పోనివ్వదు. గది వేడెక్కుతుంది. లోపల కట్టిన ముదురురంగు కర్టెన్ కూడా ఇలాగే వేడెక్కి, ఆ వేడిని గదికే ఇస్తుంది. లేతరంగు తెర కొంత కాంతిని వెనక్కి పంపుతుంది. బయట కట్టిన వెదురు తెర అయితే ఎండను గాజు చేరకముందే ఆపి, తన వేడిని బయటి గాలికి ఇచ్చేస్తుంది.

లెక్క చూడండి. 1.5 చదరపు మీటర్ల కిటికీపై చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతోందనుకుందాం. మొత్తం 750 వాట్లు! 75 వాట్ల ఫ్యాన్లు పది తిరిగేంత శక్తి. నాలుగు గంటల్లో ఇది 3 యూనిట్లు. ఇందులో చాలా భాగం గదిలో చేరుతుంది. దానిని తోడిపోయడానికి ఏ.సి. దాదాపు ఒక యూనిట్ విద్యుత్తు తీసుకుంటుంది. ఏ.సి. లేని ఇంట్లో ఆ వేడిని మనుషులే భరించాలి.

మన పెద్దలు వట్టివేళ్ళ తడకలను నీటితో తడిపేవారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని గ్రహిస్తుంది. పొడి వడగాలిలో ఇది చక్కగా పనిచేస్తుంది; వానాకాలంలో, తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో అంతగా పనిచేయదు.

2018లో కేంద్రప్రభుత్వం తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ గోడలు, కిటికీల ద్వారా ఇంట్లోకి చేరే వేడికి పరిమితి విధించింది.

మీరూ పరీక్షించండి. పడమటి కిటికీకి ఒకే తెరను ఒకరోజు లోపల, మరుసటిరోజు బయట కట్టి, రెండునుంచి ఆరు వరకు గంటగంటకూ గది ఉష్ణోగ్రత రాయండి. థర్మామీటరుపై ఎండ పడకూడదు. బయటి ఉష్ణోగ్రతనూ నమోదు చేసి, రెండింటి తేడాను పోల్చండి. పొద్దుగూకి బయటిగాలి చల్లబడ్డాక తెర ఎత్తి, కిటికీ తెరవడం మరువకండి!