తాళం మీ ఫోన్లోనే ఉంది!

బడంగ్‌పేట్‌లో ఉన్న అమ్మ, డాలస్‌లో ఉన్న అబ్బాయికి ప్లాటు కాగితాలు, ఆధార్ కార్డు, పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపిందనుకోండి. నీలం టిక్కులు పడేలోపు అవి ఎన్ని కంప్యూటర్లు దాటి వెళ్తాయో! దారిలో ఎవరైనా తొంగిచూస్తే?

చూసినా ఏమీ అర్థం కాదు. 2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్ ప్రతి సందేశాన్నీ తాళం వేసే పంపుతోంది మరి. ఈ తాళం కథ పాతదే. ఒకప్పుడు రహస్యం పంపాలంటే తాళంచెవిని కూడా ముందే అవతలివాళ్లకు చేర్చాల్సి వచ్చేది. దారిలో అదే పోతే? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ దీనికి విరుగుడు చెప్పారు. స్థూలంగా అదేంటంటే... అబ్బాయి ఫోన్ ఒక తాళంకప్పనూ, దాని తాళంచెవినీ తయారుచేస్తుంది. కప్పను అడిగినవాళ్లందరికీ ఇచ్చేస్తుంది. అమ్మ ఫోన్ ఆ కప్పనే ఫొటోలకు బిగించి పంపుతుంది. తాళంచెవి మాత్రం అబ్బాయి ఫోన్ దాటి బయటకు రాదు. వాట్సాప్ కంపెనీ దగ్గరా ఉండదు!

ఇంతకీ ఆ కప్ప అబ్బాయిదేనా? మధ్యలో ఇంకెవరైనా తమది అంటగడితే? ఈ అనుమానం తీర్చుకునే వీలు కూడా వాట్సాప్‌లోనే ఉంది. అబ్బాయి పేరు మీద నొక్కి, ‘ఎన్‌క్రిప్షన్’ అన్నచోట చూస్తే 60 అంకెలు కనిపిస్తాయి. వీడియో కాల్‌లో ఇద్దరూ చదివి సరిచూసుకోవచ్చు. సెలవులకు వచ్చినప్పుడైతే పక్కపక్కన కూర్చుని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే సరి.

ఈమెయిల్ సంగతి వేరు. మామూలు జీమెయిల్ ఉత్తరానికి తాళంచెవి గూగుల్ దగ్గర కూడా ఉంటుంది. ఐఫోన్ మెయిల్‌లో, ఔట్‌లుక్‌లో ‘ఎస్‌మైమ్’, థండర్‌బర్డ్‌లో 2020 నుంచి ‘ఓపెన్‌పీజీపీ’ ఉన్నాయి. కానీ అటూ ఇటూ ఇద్దరూ ఏర్పాటు చేసుకుంటేనే పనిచేస్తాయి. పెద్దవాళ్లతో అదంతా చేయించే ఓపిక ఎందరికుంటుంది? ఇంటి కాగితాలకు వాట్సాప్, సిగ్నల్ నయం. టెలిగ్రామ్ అయితే ‘సీక్రెట్ చాట్’ తెరిస్తేనే ఈ రక్షణ.

అన్నట్టు, ఈ తాళం కాపలా దారి వరకే. 2021 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు గంజాయి తనిఖీలంటూ రోడ్డు మీద వాహనదారులను ఆపి, ఫోన్లలో చాట్‌లు వెతికిన వీడియోలు గుర్తున్నాయా? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. అయినా ఫోన్ తెరిచి చేతికిచ్చాక ఎన్‌క్రిప్షన్ చేయగలిగిందేమీ లేదు.

బ్యాకప్ కూడా అంతే. దానికి విడిగా తాళం వేసుకునే వీలును వాట్సాప్ 2021లో ఇచ్చింది. సెట్టింగ్స్‌లో ‘చాట్స్’, అందులో ‘చాట్ బ్యాకప్’లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. అక్కడ పెట్టుకున్న పాస్‌వర్డ్ మర్చిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు. కాబట్టి ఓ కాగితం మీద రాసి బీరువాలో దాచండి... ఫోన్ కవర్ వెనక మాత్రం పెట్టకండి!