కొండదారి సైకిలు: మెప్పు పొంది వెనుదిరిగిన భాగములు

చిత్తూరు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 330 మీటర్ల ఎత్తున ఉన్నది. బెంగుళూరు దారి పట్టి మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు చేరునప్పటికి ఆ ఎత్తు సుమారు 680 మీటర్లగును. బస్సులో కూర్చున్నవారికి ఈ 350 మీటర్ల తేడా అంతగా తెలియదు. సైకిలు త్రొక్కువానికి మాత్రము ఒక్కొక్క మీటరును తొడలే లెక్కగట్టి చెప్పును. మనిషి, సైకిలు కలిసి 80 కిలోగ్రాములనుకొన్నచో, ఆ బరువును పైకి చేర్చుటకు చేయవలసిన పని 80 × 9.8 × 350, అనగా సుమారు 2,74,000 జౌళ్ళు. మరల చిత్తూరునకు దిగునప్పుడు ఇంత శక్తియు ఎచ్చటనో ఖర్చు కావలెను. ఎక్కునప్పుడు భారము కాలిది, దిగునప్పుడు బ్రేకుది. సైకిలు నిర్మాతలు ఎక్కువగా తలలు బద్దలు కొట్టుకొన్నది ఈ రెండు చోట్లనే.

కొండదారులకని ప్రత్యేకముగా సైకిలు చేయుట 1970 దశకము చివర అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రపు మారిన్ కౌంటీ కొండలలో మొదలైనది. తరువాతి పదేండ్లలో జపాను కంపెనీలు ఈ సైకిళ్ళకు క్రొత్త క్రొత్త భాగములను తయారుచేసి అమ్మినవి. వానిలో కొన్ని నేటికిని నిలిచియున్నవి. మరికొన్ని గొప్ప మెప్పు పొంది, కొద్ది సంవత్సరములలోనే మరుగున పడినవి. అట్టివానిలో పేరుపడినది షిమానో కంపెనీ 1983లో తెచ్చిన 'బయోపేస్' అను పళ్ళచక్రము.

దాని సంగతి తెలియవలెనన్న ముందు మామూలు పళ్ళచక్రమును చూడవలెను. ఒకడు పెడలును 300 న్యూటన్ల బలముతో నిలువుగా క్రిందికి త్రొక్కుచున్నాడనుకొందము. క్రాంకు పొడవు 17 సెంటీమీటర్లు. క్రాంకు అడ్డముగా ఉన్నప్పుడు బలభ్రామకము 300 × 0.17, అనగా 51 న్యూటన్-మీటర్లు. క్రాంకు నిలువుగీతకు 30 డిగ్రీల దూరములో ఉన్నప్పుడు అది అందులో సగము, 25.5 మాత్రమే. సరిగా నిలువుగా ఉన్నప్పుడు సున్న. అక్కడ కాలు ఎంత నొక్కినను ఇరుసు మీద బరువు పడునే గాని చక్రము తిరుగదు. దీనికి మృతస్థానమని పేరు. ఒక చుట్టులో ఇది రెండుసార్లు వచ్చును. చదునైన దారిలో సైకిలు ఊపే దీనిని దాటించును. ఘాటులో ఆ ఊపు ఉండదు గనుక ప్రతి చుట్టులోను రెండుసార్లు సైకిలు నిలిచిపోవునేమో అనిపించును.

పళ్ళచక్రమును గుండ్రముగా గాక కోలగా చేసిన ఈ బాధ తగ్గునన్న ఆలోచన పాతదే. పందొమ్మిదవ శతాబ్దము చివరి దశకములోనే దీర్ఘవృత్తాకారపు పళ్ళచక్రములు వచ్చి పోయినవి. సాధారణముగా తోచునది ఏమనగా, కాలికి బలమున్నచోట, అనగా క్రాంకు అడ్డముగా ఉన్నప్పుడు, చక్రపు వ్యాసార్థము పెద్దదిగా ఉండవలెనని. షిమానో ఇంజనీర్లు దీనిని తలక్రిందులు చేసిరి. వారి చక్రములో క్రాంకు అడ్డముగా ఉన్నప్పుడు వ్యాసార్థము చిన్నది, నిలువుగా ఉన్నప్పుడు పెద్దది.

ఇది పొరపాటు కాదు, దీని వెనుక చక్కని తర్కమున్నది. కాలు ఒక బలము మాత్రమే కాదు, కదలుచున్న బరువు కూడ. గొలుసు సమవేగముతో నడచుచున్నప్పుడు వ్యాసార్థము చిన్నదైనచోట క్రాంకు త్వరగా తిరుగును, పెద్దదైనచోట నెమ్మదించును. కాబట్టి త్రొక్కునప్పుడు కాలు వేగము పుంజుకొని గతిజశక్తిని కూడబెట్టుకొనును. మృతస్థానము వద్ద నెమ్మదించుచు ఆ శక్తిని గొలుసునకు అప్పగించును. బలము లేనిచోటును నిలువచేసిన శక్తితో దాటించవలెనన్నదే ఉద్దేశము. మోకాళ్ళకు శ్రమ తగ్గునని చెప్పిరి. ఆకారమును కంప్యూటరు సహాయముతో నిర్ణయించితిమనిరి. ఆ రోజులలో కంప్యూటరన్న మాట మంత్రమువలె పనిచేసెడిది. 1980 దశకము నడుమ కొండ సైకిళ్ళలో అనేకము ఈ కోల చక్రముతోనే కర్మాగారము దాటి వచ్చినవి.

అయితే గతిజశక్తి వేగముతో కాక వేగపు వర్గముతో పెరుగునని పదవ తరగతి విద్యార్థికిని తెలియును. నిమిషమునకు 60 చుట్లు త్రొక్కువాడు 90 చుట్లకు పోయినచో, కాలు కూడబెట్టి విడుచు శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లగును. 40 చుట్లకు దిగినచో సగముకంటె తక్కువకు పడిపోవును. అందుచేత ఒక వేగమునకు అమరిన కోలతనము మరియొక వేగమునకు అమరదు. నెమ్మదిగా, బరువుగా త్రొక్కువారిలో కొందరు దీనిని ఇష్టపడిరి. వేగముగా త్రొక్కుటకు అలవాటుపడినవారు కాలు కుదుపుచున్నదనియు, సీటుమీద ఎగిరిపడుచున్నామనియు చెప్పిరి. పందెగాండ్రకు ఇది రుచించలేదు. కంపెనీ తరువాతి నమూనాలలో కోలతనమును తగ్గించుచు వచ్చి, 1990 దశకపు తొలినాళ్ళకు ముఖ్యమైన సెట్లలో గుండ్రని చక్రమునకే మరలెను. కోల చక్రపు కథ అంతటితో ముగియలేదు. 2012 టూర్ ద ఫ్రాన్స్ పందెమును గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్ వాడినది కోల చక్రమే. కాని అందులో పెద్ద వ్యాసార్థము కాలికి బలమున్నచోట ఉండును, అనగా బయోపేస్‌కు వ్యతిరేకముగా!

1990 దశకములో ముందు ఫోర్కులలో స్ప్రింగులకు బదులు రబ్బరువంటి పాలియురిథేను ముక్కలను పెట్టిరి. తేలిక, చవుక, నూనె అక్కరలేదని మెచ్చుకొనిరి. అవి చలికి గట్టిపడును, ఎండకు మెత్తబడును. తిరుపతి మే నెల ఎండలో ఒక తీరుగాను, మంచు కురియు దేశములో మరొక తీరుగాను ఉండు స్ప్రింగుతో ఎవరికిని పొత్తు కుదరలేదు. లోహపు స్ప్రింగులు, గాలి స్ప్రింగులు వాని స్థానము నాక్రమించినవి.

ఇక ఘాటు దిగు సంగతి. పైన లెక్కించిన 2,74,000 జౌళ్ళలో కొంత గాలి హరించును. నెమ్మదిగా దిగువానికి మాత్రము అందులో చాలభాగము బ్రేకు రబ్బర్లకు, రిమ్ములకు మధ్య వేడిగా మారును. ఈ వేడియంతయు నిలిచినచో ఒక లీటరు నీటిని 30 డిగ్రీలనుండి 95 డిగ్రీలకు తెచ్చును, టీ కాచుకొనవచ్చును!

1980 దశకము నడుమ చార్లీ కన్నింగ్‌హామ్ అను అమెరికను నిర్మాత రూపొందించిన రోలరు-క్యాము బ్రేకును సన్‌టూర్ కంపెనీ తయారుచేసెను. షిమానో 'యు-బ్రేకు'ను తెచ్చెను. రెండింటికిని చేతులు పొట్టివి, దృఢమైనవి. వెనుక చక్రమునకు వీనిని సీటు క్రింది సన్నని గొట్టములకు గాక, పెడలు ఇరుసునుండి వెనుకకు పోవు లావుపాటి గొట్టముల అడుగున బిగించిరి. గొట్టము వంగదు, పట్టు గట్టిది, మడమకు ఏదియు తగులదు. కాగితము మీద ఇంతకంటె మంచి బ్రేకు లేదు.

లోపము రెండు చోట్ల బయటపడెను. టైరు ఎత్తితెచ్చు బురదయంతయు వచ్చి చేరు మూల సరిగా అదే. ఈశాన్య ఋతుపవనపు వానలకు తడిసిన చిత్తూరు ఎర్రనేల దారిలో అట్టి బ్రేకు నడచిన ఏమగునో ఊహించుట కష్టము కాదు. పైగా ఆ మన్నులో ఉండు క్వార్ట్జు ఇసుక కాఠిన్యము మోస్ కొలతలో 7, అల్యూమినియముది 3 లోపే. రబ్బరులో దిగబడిన ఇసుక రేణువు రిమ్మును ఆకురాయివలె అరగదీయును.

రెండవ లోపము జ్యామితికి సంబంధించినది. పాత రకపు కాంటిలీవరు బ్రేకులో చేయి తిరుగు కీలు రిమ్మునకు ఇరుసువైపున ఉండును. యు-బ్రేకులో అది టైరువైపున ఉండును. అందుచే రబ్బరు, లోలకమువలె, కీలునుండి వ్రేలాడుచున్నట్లు లెక్క. లోలకము నిలువును దాటి ప్రక్కకు పోవుకొలది పైకి లేచును గదా! రబ్బరు అరిగినకొలది చేయి మరికొంత లోపలికి ఊగవలెను, ఊగినకొలది రబ్బరు టైరువైపు జరుగును. చూచుకొనక వదలివేసినచో అది రిమ్మును విడిచి టైరు ప్రక్కనే కోయును. ఇదంతయు వంగిచూచినగాని కనబడని చోట జరుగుచుండెను. పాలక్యాన్లు కట్టుకొని తిరిగిన మన పాత సైకిళ్ళ ఇనుపకడ్డీ బ్రేకు ఇంత బలమైనది కాకపోయినను, అరిగినది కంటికి కనబడెడిది. 1990 ప్రాంతమునకు వెనుక బ్రేకు మరల సీటు క్రింది గొట్టములకే ఎక్కెను.

యు-బ్రేకు మాత్రము పూర్తిగా పోలేదు. బురద లేని చదును నేలమీద విన్యాసములు చేయు చిన్న బి.ఎం.ఎక్స్. సైకిళ్ళకు నేటికిని దానినే బిగించుచున్నారు.