తెలుపుట, ఒప్పించుట

గ్రామమున నలుగురి యెదుట మాటాడువారు రెండు పనులను ఒక్కటిగా కలిపివేయుట కద్దు. తెలియని సంగతి తెలుపుట ఒకటి. తెలిసిన పిదప ఒక పనికి పూనుకొనునట్లు ఒప్పించుట వేఱొకటి. మొదటిది ముగియకమునుపే రెండవదానికి దిగువాని మాటను పెద్దలు కొంచెము ఆగి వినవలయును.

కాలువనీటి చాటింపును జూడుడు. మంజీరానదిపై 1931లో పూర్తియైన నిజాంసాగరము క్రింద ‘నీరు వదలుదురు’ అని మాత్రము చాటినచో, తూము చెంతనున్న రైతునకు చాలునేమో గాని కాలువ చివరి భూములవానికి ఏమియు తెలిసినట్లు కాదు. ఏ డిస్ట్రిబ్యూటరీకి, ఏ తేదీన, ఎన్ని దినములు అను మూడును చెప్పిననే అతడు నారు పోయుటయో మానుటయో నిశ్చయించుకొనగలడు. ఇందు వాక్చాతుర్యముతో పని లేదు.

చెరకు ధర విషయము ఇంతకంటె చిక్కైనది. 2024-25 కాలమునకు కేంద్రప్రభుత్వము క్వింటాలునకు 340 రూపాయలు నిర్ణయించెను. ఈ మాట నిజమే, కాని సగము మాట. ఆ ధర నూటికి 10.25 పాళ్లు చక్కెర దిగుబడి, అనగా రికవరీ, వచ్చు కర్మాగారమునకు వర్తించును. రికవరీ 9.5 గాని అంతకు తక్కువ గాని యైనచోట 315 రూపాయల 10 పైసలే. టన్నునకు 249 రూపాయల భేదము. ముప్పది టన్నులు తోలినవానికి 7,470 రూపాయలు! 340 అని చెప్పి ఊరకున్నవాడు అబద్ధమాడలేదు; అయినను వినినవాడు మోసపోయెను.

ఇక ఒప్పించుట. 1930వ దశకము చివర శక్కర్‌నగరున నెలకొనిన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. బోధను ప్రాంతపు రైతు చెరకును విడిచి వరికి మరలుటకు అదియొక పెద్ద కారణము. దానిని మరల తెఱచుమాట పలుమాఱులు వినవచ్చినది. ఇందొక ముడి గలదు: చెరకు లేక మిల్లు నడువదు, మిల్లు లేక రైతు చెరకు నాటడు. పైరు చేతికి వచ్చుటకు పది పండ్రెండు నెలలు పట్టును. నఱికిన గడను నిలువయుంచిన బరువును తీపియు తగ్గును. కావున మొదట అడుగు వేయువాడే నష్టమునకు ఒడ్డుకొనును.

ఇట్టి రైతును ‘చెరకు లాభము, నాటుడు’ అని ఒప్పించ జూచుట వ్యర్థము. అతని సందేహమును అతడు పలుకకమునుపే వక్త తానే పలుకవలయును: ‘మీరు నాటిన పిదప మిల్లు నడువకున్న ఏమగును?’ పిమ్మట సమాధానము గలదేని చెప్పవలయును. గడను ఏ మిల్లు, ఏ ఒడంబడికపై కొనును? నఱకుటకు అనుమతి ఎప్పుడు ఇచ్చును? 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువు ప్రకారము తోలిన 14 దినములలో సొమ్ము ముట్టవలయును గదా, ముట్టనిచో ఎవరిని అడుగవలయును? సమాధానము లేనిచో లేదనుటయే మేలు. నా యెఱుకలో లేదని చెప్పినవాని తక్కిన మాటలకు విలువ హెచ్చును గాని తగ్గదు.

మాట లేకయు ఒప్పింప జూచుట కలదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 178 మంది రైతులు పోటీ చేసిరి. పసుపునకు, ఎఱ్ఱజొన్నలకు గిట్టుబాటు ధర కావలెనని వారి కోరిక. అభ్యర్థులందఱు కలిసి 185 మంది కాగా, ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండు ఓటు యంత్రములను వరుసగా అమర్చవలసి వచ్చెను. ఏ ఉపన్యాసమును ఇంతగా దేశముయొక్క చూపును ఇటు మరల్చియుండదు. అయితే నా తలంపున, ఆ సంఖ్య గుర్తున్నవారిలో పలువురకు వారడిగిన ధర గుర్తులేదు. చూపు మరలిన క్షణముననే సంగతి చేర్చకున్న, చూపు వేఱొకవైపు పోవును.

రేడియోలో మాటాడు మాకు వినువారి ముఖము కనబడదు. తల యూచిరో, పెదవి విఱిచిరో తెలియదు. చావడిలో కాగితము చదువు మీకు ఆ సౌకర్యము కలదు. అంకెలను రెండుమాఱులు చదువుడు. పిదప కాలువ చివరి రైతునొకనిని పిలిచి, తాను విన్నదేమో అతనిచే అందఱి యెదుట చెప్పింపుడు. అతడు తేదీని తప్పుగా చెప్పినచో, చాటింపు మరల మొదలిడుడు.