ఈ రుబ్బుడు ఎందాకా?

సెలవు రోజు మధ్యాహ్నం. మీరు ఫోన్‌లో ఆట ఆడుతున్నారనుకుందాం. అదే కోట, అదే శత్రువు. నలభైసార్లు గెలిచినా మీరు కోరుకున్న కత్తి మాత్రం దొరకలేదు. విసుగు పుడుతోంది. అయినా వేలు ఆగదు. ఇలా ఒకే పనిని పదేపదే చేయడాన్ని ఆటగాళ్లు 'గ్రైండింగ్' అంటారు. అంటే రుబ్బడం! రోట్లో రుబ్బితే పిండైనా మిగులుతుంది. మరి ఇక్కడ ఏం మిగులుతోంది? విసుగొచ్చినా ఎందుకు ఆపలేకపోతున్నాం?

మన చుట్టూ జరిగే పనులతో పోల్చి చూద్దాం. జనగామ చేలల్లో పత్తి ఏరేవారూ, మహబూబాబాద్ తోటల్లో మిర్చి కోసేవారూ కూలి ఎంతో ముందే మాట్లాడుకుంటారు. భూపాలపల్లి బొగ్గు గనుల్లో షిఫ్టు చేసిన కార్మికుడికి ఆ రోజు హాజరు పడుతుంది. శ్రమకు ఫలితం ఎంతో వీరికి తెలుసు.

బోరుబావి సంగతి అలా కాదు. ఒకటి ఎండిపోతే, "ఇంత ఖర్చు పెట్టాం, ఇంకొక్కటి వేస్తే నీళ్లు పడతాయేమో" అనిపిస్తుంది. ఆ 'ఇంకొక్కటి' ఎన్నో కుటుంబాలను అప్పుల్లోకి దించింది. పంట ఎండిపోతున్న రైతుకు వేరే దారి లేకపోవచ్చు. ఆటలో మనకు ఆ అవసరం లేదు. అయినా 'ఇంకొక్కసారి' అంటూనే ఉంటాం.

దీనికి కారణం పావురాలు చెప్పాయి. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఫెర్‌స్టర్, స్కిన్నర్ తమ ప్రయోగాల ఫలితాలను 1957లో పుస్తకంగా ప్రచురించారు. పావురం ఒక మీటను ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. ఇన్నిసార్లు పొడిస్తే గింజలని లెక్క స్థిరంగా ఉన్నప్పుడు, తిన్నాక అది కాస్త ఆగేది. ఎన్నోసారికి వస్తాయో తెలియనప్పుడు మాత్రం దాదాపు ఆగకుండా పొడిచేది. గింజలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు పొడుస్తూనే ఉండేది! ఎప్పుడో తెలియని బహుమతికి ఉన్న బలం అది.

ఇప్పుడు మీరే ఒక ప్రయోగం చేయండి. అష్టాచెమ్మా ఆడే చింతగింజలకు బదులు నాలుగు రూపాయి నాణేలు తీసుకోండి. ఒకేసారి ఎగరేయండి. నాలుగూ బొమ్మే పడే అవకాశం 16లో 1. అయితే 16సార్లు ఎగరేస్తే ఒక్కసారైనా తప్పక పడుతుందా? పడదు. 100 మంది అలా ఎగరేస్తే, వారిలో సుమారు 36 మందికి ఒక్కసారి కూడా పడదు. పదిహేనుసార్లు పడలేదని పదహారోసారి అవకాశం పెరగదు. నాణేలకు జ్ఞాపకం ఉండదు కదా!

ఆటలో కత్తి దొరికే అవకాశం 100లో 1 అనుకోండి. ఒక్కో ప్రయత్నానికి 3 నిమిషాలు పడితే, 100 ప్రయత్నాలకు 5 గంటలు. ఆ 5 గంటల తర్వాత కూడా 100 మందిలో సుమారు 37 మంది ఉత్తచేతులతోనే ఉంటారు. ఇన్నిసార్లకు తప్పక ఇస్తామని కొన్ని ఆటలు ముందే చెబుతాయి. అలా చెప్పనిచోట మాత్రం లెక్క ఇదే.

ఆట ఉచితమైతే దాన్ని తయారుచేసినవారికి డబ్బు ఎలా వస్తుంది? కొంత ప్రకటనల ద్వారా, కొంత మీ విసుగు ద్వారా! దారిని కావాలనే పొడవు చేసి, పక్కనే "డబ్బు కట్టండి, త్వరగా వెళ్లండి" అనే తలుపు పెడతారు. అందుకే 2017 మే 1 నుంచి చైనాలో, ఇలాంటి అదృష్టపు పెట్టెల్లో ఏ వస్తువు ఎంత అవకాశంతో వస్తుందో బయటపెట్టాలన్న నియమం అమల్లోకి వచ్చింది.

ఆడటం తప్పు కాదు. విసుగొచ్చినా ఆగలేకపోవడం మీ ఒక్కరి బలహీనతా కాదు. అయితే ఈసారి ఆడేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకోండి. ప్రతి ప్రయత్నానికి ఒక గీత గీయండి. చివర్లో గీతలు లెక్కపెట్టి, నిమిషాలతో గుణించండి. పావురానికి ఈ గుణకారం రాదు. మీకు వచ్చు!