లాగడం వేరు, మోయడం వేరు

జగదల్‌పూర్ నుంచి సుక్మా, దోర్నపాల్, కుంట దాటి చింతూరు, భద్రాచలం వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద సంత రోజున బొలెరోలు ఎలా నిండుతాయో బస్తర్‌లో అందరికీ తెలుసు. ఏడుగురి సీట్లలో పధ్నాలుగు మంది, పైన క్యారియర్ మీద ఇప్పపువ్వు, చింతపండు బస్తాలు. మిర్చి కోతలకు తెలంగాణకు వచ్చే కూలీల బండ్లూ అంతే, బియ్యం మూటలు పైన, పిల్లాపాపలు లోపల. బండెక్కే ముందు డ్రైవరు చూసేవి రెండే: ఇంజను లాగుతుందా, వెనక కమాన్లు మరీ కుంగిపోయాయా. రెండూ బాగుంటే బండి ఆ బరువు మోయగలదనే లెక్క. ఆ లెక్క తప్పు. ఇంజనుకీ కమాన్లకీ ఇంకా ఓపిక ఉండగానే టైర్లు, బ్రేకులు, బండి నిలకడ తమ హద్దు దాటిపోతాయి. వాటి బాధ పైకి కనబడదు.

ప్రతి బండికీ రెండు బరువులుంటాయి. ఒకటి ఆర్సీలో రాసే ఖాళీ బరువు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇందులో డ్రైవరు బరువు చేరదు. రెండోది మనుషులు, సామానుతో కలిపి బండి మొత్తంగా తూగదగిన గరిష్ఠ బరువు. బండితో ఇచ్చే పుస్తకంలో ఇది దొరుకుతుంది. రెండింటి తేడాయే మనం ఎక్కించగల లోడు. ఖాళీ బరువు 1,650 కిలోలు, గరిష్ఠ బరువు 2,250 కిలోలు అనుకుందాం. మనకు మిగిలింది 600 కిలోలు. మనిషికి 65 చొప్పున ఏడుగురికి 455 పోతే సామానుకు దక్కేది 145 కిలోలే, అంటే మూడు యాభై కిలోల బస్తాలు కూడా పూర్తిగా పట్టవు. తర్వాత బిగించిన ఇనుప క్యారియర్, ముందు గార్డు కూడా ఈ 600లోంచే తమ వాటా తీసుకుంటాయి. పధ్నాలుగు మందయితే మనుషులే 910 కిలోలు.

టైరు పక్క గోడ మీద 100 ఎస్ లాంటి గుర్తు ఉంటుంది. అందులో 100 అంటే ఆ టైరు 800 కిలోలు మోస్తుందని అర్థం. నాలుగు టైర్లు కలిపి 3,200 కదా, 2,250 దగ్గరే ఎందుకు ఆగాలి అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. కానీ బరువు నాలుగు చక్రాలకూ సమానంగా పడదు. వెనక ఇరుసుకు 70 సెంటీమీటర్లు వెనగ్గా, డిక్కీలో 200 కిలోలు పెడితే తక్కెడలాగా ముందు భాగం తేలుతుంది. ఇరుసుల మధ్య దూరం 2.7 మీటర్లున్న బండిలో వెనక ఇరుసు మీద పడేది సుమారు 252 కిలోలు. ముందు చక్రాలు ఆ 52 కిలోల పట్టు కోల్పోతాయి, స్టీరింగు తేలికవుతుంది. 3,000 కిలోలు తూగే బండిలో అరవై రెండు శాతం వెనక పడితే 1,860 కిలోలు. అక్కడున్న రెండు టైర్ల శక్తి 1,600. పైగా ఆ 800 కూడా గాలి నిండుగా ఉన్నప్పటి మాట. బరువు మోసేది రబ్బరు కన్నా అందులోని గాలే. గాలి తగ్గితే పక్క గోడలు ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ వేడెక్కుతాయి, లోపలి ఉక్కు పట్టీల నుంచి రబ్బరు విడిపోతుంది. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిపించింది. వాటిలో చాలా టైర్లు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలవి. పట్టీ ఊడి, బండ్లు పల్టీ కొట్టి 270 మందికి పైగా చనిపోయారు. తయారీ లోపాలతో పాటు తక్కువ గాలి, వేడి, బరువు గురించి కూడా అక్కడ పెద్ద చర్చే జరిగింది.

పల్టీ సంగతికొస్తే, బరువెంత అన్నదాని కంటే ఎంత ఎత్తున ఉంది అన్నదే ముఖ్యం. కుడి ఎడమ చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకె బండి నిలకడకు కొలత. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 నుంచి పల్టీ రేటింగులకు దీన్నే ఆధారం చేసుకుంది. మనుషులతో కలిపి 2,000 కిలోల బండి, చక్రాల మధ్య 1.44 మీటర్లు, గురుత్వ కేంద్రం 0.70 మీటర్ల ఎత్తున ఉంటే ఆ అంకె 1.03. క్యారియర్ మీద, నేల నుంచి 1.95 మీటర్ల ఎత్తున 300 కిలోలు పెడితే గురుత్వ కేంద్రం 0.86కు లేస్తుంది, నిలకడ 0.83కు పడుతుంది. పొడి తారు మీద టైరు పట్టు 0.7, 0.8 దగ్గర ఉంటుంది. నిలకడ అంకె ఈ పట్టు కంటే ఎక్కువుంటే బండి ముందు జారుతుంది, తక్కువైతే తిరగబడుతుంది. అంటే మలుపులో జారి బతకాల్సిన బండి తిరగబడే దాకా వచ్చిందన్నమాట. కమాన్ల మీద బండి ఒరగడం ఈ లెక్కలో లేదు, అదీ కలిస్తే ఇంకా దగ్గరవుతుంది. కమాన్లకు ఇంకో పట్టీ వేయించడం మనవాళ్ల మందు. కుంగిన వెనక భాగం లేస్తుంది, నిజమే. దాంతో పాటు గురుత్వ కేంద్రమూ లేస్తుంది. టైరు, బ్రేకు, బేరింగు మాత్రం పాతవే.

కాంకేర్, కొండగావ్ మధ్య కేశకాల్ ఘాటు దిగేటప్పుడు బ్రేకుల వంతు వస్తుంది. 2,250 కిలోల బండి 100 మీటర్లు కిందికి దిగితే పుట్టే శక్తి సుమారు ఏడున్నర లీటర్ల మామూలు నీళ్లను మరుగుకు తెస్తుంది. 3,000 కిలోలైతే పది లీటర్లు. ఆ వేడిలో ఎక్కువ భాగాన్ని చిన్న గేరులో ఇంజను తీసుకోకపోతే బ్రేకులే మింగాలి, వాటి సైజు మాత్రం మారదు.

ఏళ్లుగా ఇలాగే తోలుతున్నాం, ఏమీ కాలేదు కదా అంటారు. కంపెనీ కొంత వెసులుబాటు ఉంచే మాట నిజం. అయితే అది గుంతలో చక్రం పడ్డప్పటి దెబ్బ కోసం, తుప్పు కోసం, పదేళ్ల అరుగుదల కోసం ఉంచింది. దాన్ని రోజూ బస్తాలకు ఖర్చు చేస్తే గుంతకు ఏమీ మిగలదు. బాల్ బేరింగు మీద భారం పావు వంతు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. విరిగే రోజు వరకూ ఏమీ కానట్టే ఉంటుంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది: బస్సు రాని ఊళ్ల వాళ్లు ఇంకేం ఎక్కుతారు? 2024 మే 20న ఛత్తీస్‌గఢ్‌లోనే కబీర్‌ధామ్ జిల్లాలో తునికాకు కోసి వస్తున్న వాళ్ల పికప్ లోయలో పడి 19 మంది బైగా ఆదివాసులు చనిపోయారు. ఆ ప్రమాదానికి బరువొక్కటే కారణమని నేను అనను. సామాన్ల బండిలో మనుషులు ఎందుకు ఎక్కాల్సి వచ్చిందన్నది ప్రభుత్వం జవాబు చెప్పాల్సిన ప్రశ్న. ఆ తప్పు కూలీ మీద వేయడం అన్యాయం. ఆ జవాబు వచ్చే దాకా కూడా డ్రైవరు చేతిలో కొంత ఉంది. లోడుకు తగ్గ గాలి ఎంతో చాలా బండ్లలో డ్రైవరు తలుపు అంచున అంటించి ఉంటుంది, బయల్దేరే ముందు టైర్లు చల్లగా ఉండగా అంత గాలి కొట్టించవచ్చు. పైన ఉన్న ఆ 300 కిలోలను సీట్ల కింద, వెనక ఇరుసుకు ముందుగా దించితే నిలకడ మళ్లీ 1.02కు వస్తుంది. అలా బస్తాలు లోపలికి వస్తే, ఆ మేరకు మనుషులు తర్వాతి ట్రిప్పుకు ఆగాలి.